జర్మనీ ఆఫీసులో మొదటి ఆరు నెలలు: ఎలా నిలదొక్కుకోవాలి

"పని బాగానే చేస్తున్నాను. ఎవరూ ఏమీ అనడం లేదు. అయినా ఏదో తేడాగా ఉంది, ఏమిటో అంతుపట్టడం లేదు." హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో జర్మనీకి ఉద్యోగానికి వచ్చి నాకు ఫోను చేసేవాళ్లు దాదాపు ఈ మాటతోనే మొదలుపెడతారు. కొందరు రెండో నెలలో చేస్తారు, కొందరు నాలుగో నెలలో. ప్రతిసారీ గంటసేపు అదే చెప్పే బదులు ఒకచోట రాసిపెడితే నాకు గొంతు మిగులుతుంది, మీకు చేతిలో కాగితం ఉంటుంది.

హైదరాబాదులో ఎనిమిదేళ్లు పనిచేసి 2015లో స్టుట్‌గార్ట్ పక్కన యంత్రాలు తయారుచేసే ఒక కంపెనీకి వచ్చాను. కింద చెప్పే పొరపాట్లలో సగం నేను చేసినవే. ఇది ముఖ్యంగా ఆఫీసులో కూర్చుని పనిచేసే ఇంజనీర్లకూ సాఫ్ట్‌వేర్ వాళ్లకూ. నర్సులకు, షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు మూడో మెట్టు, ఆరో మెట్టు ముఖ్యం. బెర్లిన్‌లో కొత్త చిన్న కంపెనీలో చేరినవాళ్లకు ఐదో మెట్టుతో పెద్దగా పని ఉండదు. అక్కడ మొదటి రోజు నుంచే అందరూ పేర్లతో పిలుచుకుంటారు.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- మీ ఉద్యోగ ఒప్పందం, చదివిన ప్రతి. చాలామంది దగ్గర సంతకం పెట్టిన ప్రతి మాత్రమే ఉంటుంది.
- జేబులో పట్టే నోటుపుస్తకం, పెన్ను. మీటింగులో ఫోను తీస్తే నోట్సు రాసుకుంటున్నారని ఎవరూ అనుకోరు.
- వారాల సంఖ్యలు కనిపించే క్యాలెండరు. ఎందుకో రెండో మెట్టులో చెబుతాను.
- ఏ1 స్థాయి, అంటే ప్రారంభ స్థాయి జర్మన్, వీలైతే ఇంకొంచెం. ఆఫీసు భాష ఇంగ్లీషే అని ఒప్పందంలో రాసి ఉండవచ్చు. కాఫీ యంత్రం దగ్గర భాష మాత్రం జర్మనే.
- సందేహం వస్తే అడగడానికి ఒక మనిషి. పక్క బల్ల దగ్గర కూర్చునే జర్మన్ సహోద్యోగి అయితే మేలు. మన తెలుగువాళ్లే ఉంటే సుఖంగానే ఉంటుంది, కాని వాళ్లు తమ పొరపాట్లను కూడా ఇక్కడి ఆచారమని చెప్పే ప్రమాదం ఉంది.

1. ఒప్పందంలో నాలుగు అంకెల కింద గీత గీయండి

ప్రొబేషన్ ఎన్ని నెలలు, వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని సెలవులు, ఆ తర్వాత నోటీసు ఎంతకాలం. ఈ నాలుగూ చూడండి.

ప్రొబేషన్‌ను ఇక్కడ ప్రోబెట్సైట్ అంటారు. ఎక్కువలో ఎక్కువ ఆరు నెలలు. ఆ కాలంలో రెండు వారాల నోటీసుతో మీరైనా కంపెనీ అయినా విడిపోవచ్చు. ఆరు నెలలు దాటాక, పదిమందికి మించి పనిచేసే సంస్థ అయితే, ఉద్యోగం తీసేయాలంటే చట్టం ఒప్పుకునే కారణం చూపాలి. అందుకే ఈ వ్యాసం ఆరు నెలల లెక్క మీద నడుస్తుంది.

వారానికి అయిదు రోజులు పనిచేసేవారికి చట్టం ఇచ్చే కనీస సెలవు ఏడాదికి 20 రోజులు. చాలా కంపెనీలు 30 వరకూ ఇస్తాయి. అయితే మొత్తం సెలవు మీద పూర్తి హక్కు ఆరు నెలలు గడిచాకే వస్తుంది. అంతకుముందు నెలకు పన్నెండో వంతు చొప్పున లెక్క.

జాగ్రత్త: మూడో నెలలో చెల్లెలి పెళ్లి ఉంటే ఆ సంగతి ఒప్పందం మీద సంతకం పెట్టేముందే చెప్పండి. అప్పుడు సులభంగా ఒప్పుకుంటారు. చేరాక చెబితే కూడా ఒప్పుకోవచ్చు, కాని ముందే తెలిసిన విషయం దాచారన్న మచ్చ ఉండిపోతుంది.

బ్లూ కార్డు (ఉన్నత చదువున్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి) మీద వచ్చినవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోండి. మొదటి పన్నెండు నెలల్లో ఉద్యోగం మారితే మీ ఊళ్లోని విదేశీయుల కార్యాలయానికి తెలియజేయాలి.

2. గడియారం చూడడం మళ్లీ నేర్చుకోండి

మనకు ఎనిమిదిన్నర అంటే ఎనిమిది దాటి అరగంట. జర్మన్‌లో అదే సమయాన్ని 'హాల్ప్ నోయిన్' అంటారు. మాటకు మాట చెబితే 'సగం తొమ్మిది'. తొమ్మిదో గంటలో సగం నడిచిందని వాళ్ల లెక్క. అది విని తొమ్మిదిన్నర అనుకుని, గంట ఆలస్యంగా నవ్వుతూ వెళ్లి కూర్చున్నవాళ్లను నేను కనీసం నలుగురిని చూశాను. ఆ నలుగురిలో నేనూ ఉన్నాను. దక్షిణాన, తూర్పున ఇంకో మెలిక ఉంది: 'ఫీర్టెల్ నోయిన్' అంటే 8.15, 'డ్రైఫీర్టెల్ నోయిన్' అంటే 8.45.

అంకెలు కూడా తిరగబడతాయి. ముప్పై నాలుగును 'నాలుగూ ముప్పై' అన్నట్టు పలుకుతారు. విన్నది విన్నట్టు రాసుకుంటే 43 అవుతుంది. దీనికి తోడు తేదీల బదులు వారం సంఖ్య చెబుతారు: "కావే 34లో ఇస్తాం" అంటే ఏడాదిలో 34వ వారం. క్యాలెండరు అడిగింది అందుకే.

ఇంజనీర్లకు, లెక్కల పని చేసేవారికి ప్రత్యేకం: ఇక్కడ చుక్క, కామా తారుమారు. 1.250 అంటే ఒకటీ పావు కాదు, వెయ్యీ రెండు వందల యాభై. 1,250 అంటే ఒకటీ పావు. ఎక్సెల్ ఫైలు హైదరాబాదు నుంచి వచ్చిందా, ఇక్కడ తయారైందా అన్నది చూడకుండా అంకెను నమ్మకండి.

సరిచూసుకునే పద్ధతి సులువు. ఎవరు సమయం చెప్పినా, అంకెల్లో రాసి చూపించి "8.30 కదా?" అని అడగండి. వారం చెబితే సోమవారం తేదీ అడగండి. దీన్ని ఎవరూ తక్కువగా చూడరు, జర్మన్లలో జర్మన్లకే 'ఫీర్టెల్' దగ్గర తగవులున్నాయి.

తొమ్మిదికి మీటింగు అంటే 8.57కు కుర్చీలో ఉండాలి. ఆలస్యమయ్యేటట్టుంటే, అయిదు నిమిషాలే అయినా, ముందే కబురు పెట్టండి. ముగిసే సమయం కూడా మాట ఇచ్చినట్టే. పదింటికి ముగియాల్సిన మీటింగులో 9.58కి కొత్త ప్రశ్న లేవనెత్తితే చుట్టూ మొహాలు చూడండి, మీకే తెలుస్తుంది.

3. 'సరే' అనే మాటను తూచి వాడండి

మిగతా మెట్లన్నీ ఎలాగో ఒకలా ఎక్కేస్తారు. మనవాళ్లు జారేది ఇక్కడే. కాబట్టి కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

నేను వచ్చిన మొదటి శరదృతువు. ఒక కవాటం మీద చేసిన పీడన పరీక్షల నివేదిక గురువారానికి అవుతుందా అని మా మేనేజరు అడిగాడు. "సరే, చూస్తాను, అయిపోతుంది" అన్నాను. నా మనసులో ఆ మాటకు అర్థం ఇది: గట్టిగా కూర్చుంటాను, కాకపోతే బుధవారం రాత్రి ఆయనే అడుగుతాడు కదా, అప్పుడు చెప్పుకోవచ్చు. ఆయన విన్నది: గురువారం. బుధవారం ఆయన అడగలేదు. గురువారం ఉదయం తొమ్మిదింటికి వేరే ఊరి నుంచి ఇద్దరు వచ్చి కూర్చున్నారు, నా నివేదిక మూడింట రెండు వంతులు అయింది. ఎవరూ అరవలేదు. వాళ్లు వెళ్లాక ఆయన ఒకటే ప్రశ్న అడిగాడు: "ఇది పూర్తి కాదని మీకు ఎప్పుడు తెలిసింది?" మంగళవారం అన్నాను. పెన్నుకు మూత పెట్టాడు. "అయితే మంగళవారం చెప్పాలి" అని లేచి వెళ్లిపోయాడు.

నివేదిక ఆలస్యమైనందుకు ఆయనకు కోపం రాలేదు. రెండు రోజులు నాకు తెలిసి ఆయనకు తెలియకపోవడం ఆయనకు నచ్చలేదు. హైదరాబాదులో మేనేజరు రోజుకు రెండుసార్లు వచ్చి అడుగుతాడు కాబట్టి మన 'అయిపోతుంది'లో ఆ అడగడం కూడా కలిసి ఉంటుంది. ఇక్కడ అడగరు. అడిగితే మిమ్మల్ని నమ్మనట్టు.

అందుకని ప్రతి ఒప్పుకోలులో మూడు ముక్కలు ఉండేలా చూసుకోండి: ఏది ఇస్తారు, ఎప్పుడు ఇస్తారు, ఏది రాకపోతే ఆగిపోతుంది.

- "చూస్తాను" అనబోతే: "ఇప్పుడే చెప్పలేను, రేపు పదింటికి చెబుతాను" అనండి. రేపు పదింటికి చెప్పండి.
- "అయిపోతుంది" అనబోతే: "మొదటి రెండు భాగాలు గురువారం మధ్యాహ్నానికి. మూడోదానికి ల్యాబు కొలతలు కావాలి. అవి బుధవారానికి రాకపోతే మూడోది సోమవారం" అనండి.
- "ప్రయత్నిస్తాను" అన్న మాట మరచిపోండి. ఇక్కడ ఆ మాట ఎంత చెడ్డదో చివరి మెట్టులో చూస్తారు.
- చేతిలో పని నిండి ఉంటే: "ఇది తీసుకుంటే అది వచ్చే వారానికి జరుగుతుంది. ఏది ముందు?" అని అడగండి. కాదు అనడం ఇబ్బందిగా ఉన్నవాళ్లకు ఈ వాక్యం దేవుడిచ్చిన వరం. కాదు అన్న మాట నోట రాకుండానే కాదన్నట్టు అవుతుంది, పైగా పద్ధతిగా ఉంటుంది.

తల ఊపడం గురించి ఒక మాట. మనం వింటున్నామని చెప్పడానికి తల అటూ ఇటూ ఆడిస్తాం. వాళ్లకు అది అవునో కాదో తెలియదు, చాలావరకు అవునని రాసుకుంటారు. వీడియో కాల్‌లో ఇది మరీ ప్రమాదం. వింటున్నప్పుడు "అర్థమైంది" అని, ఒప్పుకున్నప్పుడు "ఒప్పుకుంటున్నాను" అని వేర్వేరుగా నోటితో చెప్పండి.

మౌనం కూడా అంగీకారమే. మీటింగులో పెద్దవాళ్లు ఉన్నారని ఊరుకుని, తర్వాత కారిడారులో "అసలు ఆ పద్ధతి పనిచేయదండీ" అంటే, "లోపల ఎందుకు చెప్పలేదు?" అనే ప్రశ్న తప్పదు. అందరి ముందూ మాట పెగలకపోతే రెండు దారులు: మీటింగుకు ఒకరోజు ముందు మీ అభ్యంతరం మెయిలులో పంపండి, లేదా మీటింగు తర్వాత వచ్చే 'ప్రోటొకోల్' అనే నమోదు పత్రం చదివి, తేడా ఉంటే ఆ రోజే రాయండి. మర్నాటికి అది శిలాశాసనం.

మీలో చాలామందికి ఇంకో పాత్ర కూడా ఉంటుంది: ఇక్కడి టీముకూ హైదరాబాదు టీముకూ మధ్య వంతెన. "వాళ్లు గురువారానికి అవుతుందన్నారు కదా?" అని ఇక్కడి మేనేజరు మిమ్మల్ని నిలదీస్తాడు. తప్పు అక్కడివాళ్లది కాదు, ప్రశ్నది. "గురువారానికి అవుతుందా?" అని అడిగితే మన దగ్గర అవునని తప్ప ఇంకేమంటారు? "గురువారం నాటికి ఏమేమి ఉంటాయి, ఏమేమి ఉండవు?" అని అడగండి. సమాధానం పూర్తిగా మారిపోతుంది. ఈ ఒక్క మార్పుతో నా ఫోను కాల్స్ సగం తగ్గాయి.

సరిచూసుకునే పద్ధతి: నోటుపుస్తకంలో రెండు వారాలపాటు మీరిచ్చిన ప్రతి మాటా రాయండి. పక్కన తేదీ రాయండి. తేదీ రాయలేని మాట ఉందంటే మీరు మళ్లీ 'చూస్తాను' అన్నారన్నమాట. రెండో వారం చివర అలాంటివి రెండుకు మించి ఉంటే ఇంకో రెండు వారాలు కొనసాగించండి. నాకు మొదటిసారి పదకొండు వచ్చాయి.

4. విమర్శను పని మీదనే ఉంచండి

'తిట్టలేదంటే పొగిడినట్టే' అని స్టుట్‌గార్ట్ చుట్టూ ఉన్న మా స్వాబియా ప్రాంతంలో సామెత ఉంది. వాళ్లు దాన్ని నవ్వుతూ చెబుతారు గాని నిజమే చెబుతారు. మూడు నెలలు ఎవరూ 'బాగుంది' అనకపోతే కంగారు పడకండి. తప్పు ఉంటే మాత్రం అదే రోజు, అందరి ముందే, "ఇది తప్పు" అంటారు. తెలుగులో ఎవరైనా అలా అంటే ఆ మాట మనిషి మీద పడుతుంది. వాళ్లు బల్ల మీది డ్రాయింగు గురించే అంటున్నారు, పన్నెండింటికి మీతోనే భోజనానికి వస్తారు.

అప్పుడు చేయవలసింది: ఏది తప్పో అడగండి, రాసుకోండి, ఎప్పటికి సరిచేస్తారో చెప్పండి. అంతే. ఆరుసార్లు క్షమాపణ చెబితే వాళ్లకు ఇబ్బంది. ఆ తప్పు ఎందుకు జరిగిందో పది నిమిషాలు వివరిస్తే ఇంకా ఇబ్బంది. తప్పు అన్నది వాళ్లే పొరపడి అయితే ఆధారం చూపించి అక్కడే చెప్పండి. మేనేజరైనా సరే. తగిన ఆధారం చూపిస్తే "మీరన్నది నిజం" అని ఒప్పుకుంటారు. నాకు ఈ దేశంలో అన్నిటికంటే నచ్చినది అదే.

ఎవరితోనైనా పేచీ వస్తే ముందు ఆ మనిషితోనే మాట్లాడండి. మన దగ్గర రక్షణగా ఉంటుందని మెయిలులో పైవాళ్లను కలుపుతాం. ఇక్కడ అది ఫిర్యాదు కింద లెక్క.

రెండేళ్లు గడిచాక వచ్చే జబ్బు ఒకటుంది, ముందే చెబుతాను. జర్మన్ల కంటే మొరటుగా మాట్లాడడం. వాళ్ల సూటిదనంలోనూ కొలత ఉంటుంది: పనిని అంటారు, మనిషిని అనరు. ఆ కొలత నేర్చుకోకుండా సూటిదనం మాత్రం పట్టుకుని, హైదరాబాదులోని చిన్నవాళ్ల మీద విసిరేవాళ్లను చూశాను. వాళ్లకు అక్కడా ఇక్కడా మర్యాద దక్కదు.

5. పేరు, 'మీరు', 'నువ్వు'

జర్మన్‌లో కూడా మనలాగే రెండున్నాయి: 'జీ' అంటే మీరు, 'డూ' అంటే నువ్వు. హాయిగా ఉందనుకుంటాం. మెలిక ఏమిటంటే, 'డూ'కు మారదామని ముందుగా అనవలసింది పెద్దవాళ్లు, లేదా పై హోదాలో ఉన్నవాళ్లు. వాళ్లు అనేదాకా ఆగండి. అన్నాక మళ్లీ 'జీ' అంటే దూరం పెట్టినట్టు. అరవై ఏళ్ల ఆయనను 'నువ్వు' అనడానికి నాకు నాలుగు నెలలు నోరు రాలేదు. ఆయన నొచ్చుకున్నాడని తర్వాత తెలిసింది.

'జీ' ఉన్నచోట హెర్ లేదా ఫ్రావ్ అని చేర్చి ఇంటిపేరుతో పిలుస్తారు. మన ఇంటిపేరుతో మనల్ని ఎవరూ పిలవరు కదా. మొదటి వారం ఆ పిలుపు విని మా తాతగారు వచ్చారేమో అన్నట్టు వెనక్కి తిరిగి చూశాను. పాస్‌పోర్టులో ఏది ఇంటిపేరు గడిలో పడితే అదే మీ పేరవుతుంది. కాబట్టి చేరిన రోజే మిమ్మల్ని ఏమని పిలవాలో చెప్పండి, మెయిలు సంతకంలోనూ రాయండి. పేరు కుదించుకోవలసి వస్తే మీరే కుదించండి, వాళ్లకు వదలకండి. 'సార్', 'మేడమ్' మాత్రం మానేయండి.

6. ఫైరాబెంట్, జ్వరం, సెలవు

పని ముగిసిన తర్వాతి సమయాన్ని ఫైరాబెంట్ అంటారు. ఇంటికి వెళ్లేవాళ్లకు "షోనెన్ ఫైరాబెంట్" అని చెప్పడం మర్యాద. అయిదింటికి లేచి వెళ్తుంటే ఎవరూ గడియారం చూడరు.

చట్టం ప్రకారం రోజుకు 8 గంటలు. 10 గంటల దాకా పోవచ్చు, కాని ఆరు నెలల సగటు 8కి రావాలి. ఒకరోజు పని ముగిసి మర్నాడు మొదలయ్యేలోపు 11 గంటల విరామం ఉండాలి. రాత్రి పదింటి దాకా అమెరికావాళ్లతో కాల్ ఉంటే మర్నాడు తొమ్మిదిలోపు మొదలుపెట్టకూడదు. ఆరు గంటలు దాటి పనిచేస్తే అరగంట, తొమ్మిది దాటితే 45 నిమిషాలు విశ్రాంతి తప్పనిసరి.

సాధారణ పొరపాటు: రాత్రి పదకొండింటికి మెయిలు పంపి మెప్పు ఆశించడం. ఇక్కడ అది చూసినవాళ్లకు రెండు అనుమానాలు వస్తాయి: పని మీ తాహతుకు మించిందా, లేక పగలు ఏం చేస్తున్నారు? రాత్రి ఆలోచన వస్తే రాసిపెట్టుకుని ఉదయం పంపండి.

జ్వరం వస్తే ఆఫీసుకు వెళ్లకండి. దగ్గుతూ వచ్చి కూర్చుంటే త్యాగమని ఎవరూ అనరు, అంటిస్తున్నారని అంటారు. పని మొదలయ్యే సమయానికి ముందే రాలేనని, సుమారు ఎన్ని రోజులో చెప్పండి. ఏం జబ్బో చెప్పనక్కర్లేదు. మూడు రోజులు మించితే డాక్టరు ధ్రువపత్రం కావాలి. కొన్ని కంపెనీలు మొదటి రోజు నుంచే అడుగుతాయి, ఒప్పందం చూడండి. ప్రభుత్వ ఆరోగ్య బీమాలో ఉన్నవారికి 2023 నుంచి అది కాగితంగా ఇచ్చుకోనక్కర్లేదు, కంపెనీయే కంప్యూటర్‌లో తెచ్చుకుంటుంది. మీరు తెలియజేయడం మాత్రం తప్పదు. ఉద్యోగంలో నాలుగు వారాలు గడిచాక ఆరు వారాల దాకా జీతం కోత లేకుండా వస్తుంది. మన సిక్ లీవుల్లా ఏడాదికి ఇన్నని లెక్కపెట్టి దాచుకోవడం ఇక్కడ లేదు.

సెలవుల పట్టిక చాలా ఆఫీసుల్లో జనవరిలోనే నిండుతుంది. బడి పిల్లలున్నవాళ్లు వేసవి, శరదృతువు సెలవులు ముందే పట్టేస్తారు. దసరాకు వెళ్లాలనుకునేవాళ్లు ఆ తొందరలో మీ పేరూ రాయించండి. సంక్రాంతి మనకు కలిసివస్తుంది. క్రిస్మస్‌కు వెళ్లినవాళ్లంతా అప్పటికి తిరిగి వచ్చేస్తారు కాబట్టి జనవరి మధ్యలో అడిగితే ఎవరూ అడ్డు చెప్పరు. వెళ్లేముందు పని ఎవరికి అప్పగించారో రాతపూర్వకంగా పెట్టండి. ఊళ్లో అరుగు మీద ల్యాప్‌టాప్ తెరవకండి. తెరిచారంటే వచ్చే ఏడాది మీ సెలవు సెలవులా కనబడదు.

చాలామందికి తెలియనిది: సెలవులో జబ్బు పడితే, డాక్టరు ధ్రువపత్రం ఉన్న రోజులు సెలవులోంచి కోసుకోరు. ఊళ్లో డెంగీ వచ్చి పదిరోజులు మంచం పట్టినా ఇది వర్తిస్తుంది. జబ్బు పడిన రోజే కంపెనీకి కబురు చేయండి, పని చేయలేని స్థితి అని తేదీలతో స్పష్టంగా రాయించుకోండి. మందుల చీటీ చాలదు.

7. వంటగది

మధ్యాహ్నం ఎదురుపడ్డవాళ్లు "మాల్‌త్సైట్" అంటారు. తిరిగి అదే అనండి. భోజనానికి పిలిస్తే వెళ్లండి, డబ్బా తెచ్చుకున్నా పక్కన కూర్చోండి. బయట హోటల్లో అయితే ఎవరి డబ్బు వాళ్లదే. కొత్తగా చేరినవాళ్లు మొదటి వారాల్లో చిన్న ఫలహారం పెట్టడం ఆనవాయితీ. నేను పులిహోర చేసి తీసుకెళ్లాను, కారం తగ్గించి. గిన్నె ఖాళీ అయింది. పుట్టినరోజున కేకు మీరే తేవాలి, వాళ్లు తేరు. ఎవరికీ ముందురోజు శుభాకాంక్షలు చెప్పకండి, అపశకునం అంటారు. చలికాలంలో కిటికీలు బార్లా తెరిస్తే వణుకుతూ మూయకండి, అయిదు నిమిషాల్లో వాళ్లే మూస్తారు. ఎండుచేపలు ఇంట్లోనే తినండి.

8. మూడో నెలలో, అయిదో నెలలో సరిచూసుకోండి

మూడో నెల చివర మేనేజరుతో అరగంట అడగండి. "నేను ఎలా చేస్తున్నాను?" అంటే "బాగానే ఉంది" అంటారు, దానితో మీకు ఒరిగేదేమీ లేదు. ఇలా అడగండి: "వచ్చే మూడు నెలల్లో నేను మార్చుకోవలసినవి రెండు చెప్పండి." అడిగారు కాబట్టి చెబుతారు. ఆ రెండూ రాసుకోండి. అయిదో నెల మొదట్లో అదే కాగితం తీసుకెళ్లి, "ఇవి మారాయా? ప్రొబేషన్ తర్వాత కొనసాగుతానా?" అని సూటిగా అడగండి. ఇక్కడ అలా అడగడం తప్పు కాదు. ఆఖరి వారం దాకా ఆగితే మీ చేతిలో సమయం ఉండదు.

మంచి గుర్తులు: వచ్చే ఏడాది పనుల్లో మీ పేరు కనబడుతుంది, మీరు లేనప్పుడు ఫలానా సంగతి మిమ్మల్ని అడగాలని అంటారు, మిమ్మల్ని తప్పు పట్టడం మానలేదు. తప్పు పట్టడం హఠాత్తుగా ఆగిపోయి, మీటింగు ఆహ్వానాలు తగ్గితే అది చెడ్డ గుర్తు. వెంటనే మాట్లాడండి.

విషయం బెడిసి ఉద్యోగం పోయేలా ఉంటే మూడు సంగతులు. ఉద్యోగం నుంచి తీసేస్తున్నట్టు కాగితం మీద, చేతి సంతకంతో ఇవ్వాలి. నోటిమాట, మెయిలు చెల్లవు. ఇరువురి అంగీకారంతో విడిపోదామనే ఒప్పందం ముందు పెడితే ఆ గదిలో సంతకం పెట్టకండి. ఇంటికి తీసుకెళ్లి తెలిసినవారికి చూపించండి, ఎందుకంటే దానివల్ల నిరుద్యోగ భృతి పన్నెండు వారాలు ఆగిపోవచ్చు. మీ ఆఫీసులో 'బెట్రీబ్స్‌రాట్' అనే ఉద్యోగుల మండలి ఉంటే వాళ్లను కలవండి. వాళ్లను కలిస్తే మేనేజరుకు కోపం వస్తుందేమో అన్న భయం మన దగ్గరనుంచి మూటగట్టుకొచ్చినదే.

ఉద్యోగం మానేటప్పుడు 'అర్బైట్స్‌త్సోయిగ్నిస్' అనే యోగ్యతాపత్రం అడగండి, అది మీ హక్కు. చేతికి వచ్చాక మురిసిపోకుండా చదవండి. చట్టం దాన్ని ఉద్యోగికి మేలుచేసే ధోరణిలో రాయమంటుంది, కాబట్టి తిట్లన్నీ పొగడ్తల్లోనే దాక్కుంటాయి. 'ఎల్లప్పుడూ మాకు సంపూర్ణాతిసంపూర్ణమైన సంతృప్తి కలిగేలా' పనిచేశారని ఉంటే మొదటి తరగతి. 'ఎల్లప్పుడూ సంపూర్ణ సంతృప్తి' రెండో తరగతి. 'ఎల్లప్పుడూ' ఎగిరిపోయి 'సంపూర్ణ సంతృప్తి' మిగిలితే మూడు. ఉత్త 'సంతృప్తి' అయితే నాలుగు. 'అప్పగించిన పనులు చేయడానికి ప్రయత్నించారు' అని ఉంటే తప్పినట్టు. ఆ వాక్యాన్ని తెలుగులో చదివిన మిత్రుడొకాయన ఎంతో మెచ్చుకున్నారని ఇంటికి ఫోటో పంపాడు. సరిచేయమని అడగవచ్చు, చాలాసార్లు సరిచేస్తారు.

మీ మేనేజరు మారుతున్నాడని తెలిస్తే, ఆయన వెళ్లకముందే మధ్యంతర పత్రం రాయించుకోండి. మీ పనిని కళ్లారా చూసింది ఆయనే, కొత్తగా వచ్చేవారికి రాయడానికి ఏమీ ఉండదు.